ట్యాంకు మూత మీద పసుపు నీళ్లు

ముందుగా ఒక మాట. నేను ముసలితనంలో మనుమరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి. చెయ్యి మెల్లగా సాగుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చేపల వేట నిషేధం ముగిసిన తెల్లవారుజాము. వండూర్ ఒడ్డున పైడిబాబు తన పడవ ట్యాంకులో ఖరీదైన డీజిల్ నింపి, పైనుంచి ఒక చిన్న సీసా మందు కూడా పోశాడు. పక్కనే నిలబడ్డ బావమరిది శ్రీను నవ్వాడు.

“ఇంజిన్‌కి టానిక్కేటి బావా? నాకూ ఒక చెంచా పొయ్యి. రాత్రి నుంచి దగ్గుతున్నాను.”

“నవ్వకురా. దుకాణం భయ్యా చెప్పాడు. డీజిల్లో నీళ్లుంటే ఇదే సాఫ్ చేసేస్తాదట. ఇంక ఫిల్టర్ కింద నట్టు విప్పి నీళ్లు దించే పనే లేదు.”

“మరి ట్యాంకు మూత రబ్బరు చీలిపోయింది కదా. ముందు అది మార్చాల్సింది.”

“డబ్బులు దీనికే సరిపోయాయి. వచ్చే వేటకి చూద్దాంలే.”

అంతలో పైడిబాబు తల్లి కాళమ్మ, భార్య కల్యాణి పూజ సామాన్లతో వచ్చారు. తొలి వేటకు ముందు గంగమ్మ పేరు చెప్పి పడవను పసుపు కుంకుమ కలిపిన నీళ్లతో కడగడం వాళ్ల ఆనవాయితీ. కాళమ్మకు భర్త లేడు కనుక ఆమె చెంబు ముట్టదు. దూరంగా నిలబడి చెబుతుంది, కోడలు పోస్తుంది.

“ముందు అణియం మీద పొయ్యి, పడవ ముక్కు బాగా తడవాలి. ఇప్పుడు ఇంజిన్ మీద. ట్యాంకు మీద కూడానమ్మా, కడుపు నిండా పొయ్యి. పిల్లలు చల్లగా తిరిగి రావాలి.”

కల్యాణి చెంబు నిండుగా ముంచి పోసింది.

“అక్కా, స్నానం పడవకా, నాకా?” అంటూ శ్రీను తడిసిన చొక్కా దులుపుకున్నాడు.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. తిరిగి వస్తుండగా, రాళ్లు ఉన్నచోట ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. అలలు పడవను రాళ్ల వైపు తోశాయి. శ్రీను వెదురు గడతో రాతిని నెట్టబోయి, కాలు జారి, పడవకూ రాతికీ మధ్య పడ్డాడు. ఇంకో పడవవాళ్లు తాడు వేసి ఒడ్డుకు లాక్కొచ్చేసరికి అతనిలో ఊపిరి లేదు.

కర్మ ముగిసేదాకా కల్యాణి భర్త ముఖం చూడలేదు. అతనికి అన్నం కాళమ్మే పెట్టింది. ఒక ఉదయం పైడిబాబు మళ్లీ దుకాణాన్ని తిట్టడం మొదలుపెట్టాడు.

“కల్తీ డీజిల్ అంటగట్టాడు. వాడి మీద కేసు పెడతాను.”

“పెట్టుకో. మా తమ్ముడు లేచి వస్తాడా? మందు సీసాకి డబ్బులున్నాయి, రబ్బరు ముక్కకి లేవు. వాడు అడిగాడని నీ నోటితో నువ్వే చెప్పావు.”

“అంత ఖరీదు పెట్టి కొన్నానే, నేనేటి తక్కువ చేశాను? రా, నువ్వే చూద్దువు గాని.”

ముగ్గురూ ఒడ్డుకు వెళ్లారు. పైడిబాబు ఫిల్టర్ కింది గాజు గిన్నె విప్పి వెలుతురుకు ఎత్తి పట్టాడు. పైన డీజిల్, కింద నీళ్లు. నీళ్ల అడుగున మెత్తటి పసుపు పేరుకుని ఉంది. అందులో కుంకుమ నలుసులు.

కల్యాణి తన అరచేతుల వైపు చూసుకుంది.

“నేనే పోశాను,” అంది. “అత్తా, ఈ చేతులతో నేనే.”

భర్త పోయినప్పటి నుంచి పసుపు ముట్టని చేతులతో కాళమ్మ కోడలి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. “పొయ్యమన్న నోరు నాది. నీ చేతుల్ని ఏమీ అనకు తల్లీ.”

పైడిబాబు ఇసుకలో కూలబడ్డాడు.

“ఎవరు పోసినా, బయల్దేరే ముందు నట్టు విప్పుంటే ఈ నీళ్లు దిగిపోయేవి. అన్ని రోజులూ విప్పేవాణ్ణి. ఆ రోజు సీసాని నమ్మి చెయ్యి పెట్టలేదు.”

శ్రీనును పాడె మీద పెట్టినప్పుడు కూడా ఏడవనివాడు, గిన్నె పట్టుకుని ఏడ్చాడు. కల్యాణి ఆ గిన్నె అందుకుని ఇసుకలో ఒంపింది. పైట చెంగుతో గాజు తుడిచి అతని చేతికిచ్చింది.

“బిగించు. రబ్బరు కూడా ఈరోజే తెచ్చి వెయ్యి,” అంది. “తర్వాత ఇంటికి రా. అన్నం నేను పెడతాను.”

గవరమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు డాలీగంజ్‌లో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.