వంతు కోసం నిలబడ్డ జోథమ్

ఒట్టు. మా పెరట్లో మేపుల్ చెట్ల మీద ఒట్టు, నా నోట్లో మిగిలిన ఒకే ఒక్క సొంత పన్ను మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కల్పించింది లేదు. ఉందని ఎవరైనా అన్నారో, వాళ్ళకి ఈ జన్మలో నా చేతి యాపిల్ 'పై' రొట్టె రుచి చూపించను.

మా ఊరు హాకెట్ హాలోలో వాగు పక్కనున్న గ్రేంజ్ హాలుకి, అదే మా రైతుసంఘం హాలుకి, చెడ్డపేరు ఈనాటిది కాదు. గుర్రబ్బళ్ళ రోజుల్లో, చీకటి పడితే గుర్రాలు దాని ముందునుంచి నడిచేవి కావట. కళ్ళు గట్టిగా మూసుకుని పరిగెత్తేవట. కార్లొచ్చాక కార్లూ అంతే.

హాలు మొత్తానికి కాదు ఆ పేరు. స్టేజీకి ఎదురుగా, ఆ చివర, ఎడమచేతి వైపు ఒక మూల ఉంది... ఆ మూలది.

అక్కడే జోథమ్ హాకెట్ పోయాడు. హాలు కట్టించిందీ ఆయనే, నేలకి మేపుల్ పలకలు తన చేత్తో పరిచిందీ ఆయనే. మా కాంట్రా ఆట, అంటే జంటలుగా చేసే డాన్సు, ఎలా సాగుతుందంటే, రెండు పొడుగాటి వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. విడతకో చోటు చొప్పున జంటలు జరుగుతూ పోతాయి. వరస చివరికి చేరిన జంట ఒక విడత పక్కన నిలబడి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ లోపలికి రావాలి. జోథమ్ కూడా చివరికి చేరాడు. నిలబడ్డాడు. వంతు వచ్చింది...

ఆయన రాలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే, బూట్లతో సహా, చిరునవ్వుతో సహా పోయాడు. వంతు మాత్రం ఇంకా బాకీనే.

ఈ మాట పాతబడి, పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పనికిరాకుండా పోయింది. పోయిన ఆకురాలు కాలంలో మళ్ళీ లేచి కూర్చుంది. శనివారం శనివారం ఆట మంచి జోరు మీదున్నప్పుడు — ఫిడేలు పరుగందుకున్నప్పుడు — నేల కిందనుంచి...

ధన్...

ధన్.

మొదటిది హాలు మధ్యలో, వేడి పైకి రావడానికి పెట్టిన ఇనుప జాలీ దగ్గర. రెండోది ఆ మూలలో.

దీనివల్ల నిద్ర పోగొట్టుకున్న మనిషి డెలీనా స్టిక్నీ. పగలు బడి బస్సు నడిపే పిల్ల. వెనక సీట్లో ఎవడైనా బబుల్‌గమ్ తీస్తే ముందునుంచే వాసన పట్టి అరుస్తుంది. ఆ గొంతు వినే ఆటకమిటీ వాళ్ళు మైకు ఆమె చేతికిచ్చారు. మా ఆటకి మైకు ముందొక మనిషి ఉండాలి మరి. వాయిద్యాల వాళ్ళు వాయిస్తుంటే, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో, ఎటు తిరగాలో చెప్తూ పోవాలి. చెప్పే మనిషి తడబడితే వరసలు రెండూ ఊలు ఉండలా చిక్కుపడిపోతాయి.

ఆమెకి ముందు నలభై ఏళ్ళు ఆట చెప్పింది ఆమె తాతే. ఎల్డన్ స్టిక్నీ. ఆయన "తిరగండి" అంటే గోడ గడియారంలో ముళ్ళు కూడా తిరిగేవి.

ఆయనెందుకు మానేశాడయ్యా అంటే, పిట్టల వల్ల.

పూర్వం ఆట చెప్పేటప్పుడు మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు అనేవాళ్ళు. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళు కలిసి ఆడతారు, ఇద్దరు ముసలాళ్ళు కలిసి ఆడతారు, ఎవరిష్టం వాళ్ళది. అందుకని ఎడమవైపు నిలబడ్డవాళ్ళు లార్కులు, కుడివైపు వాళ్ళు రాబిన్లు అని పిట్టల పేర్లు పెడదామన్నారు. చేతులెత్తమన్నారు. డెలీనా చెయ్యి కూడా లేచింది.

ఎల్డన్ ఆ చేతికేసి చూశాడు. మైకు కింద పెట్టాడు.

"నలభై ఏళ్ళు మనుషులకి ఆట చెప్పాను. ఈ వయసులో కోళ్ళగంప ముందు నిలబడి కూయమంటారా? ఇక ఈ నేలమీద కాలు పెడితే నా పేరు ఎల్డన్ కాదు!"

పెట్టలేదు. మనవరాలితో మాట్లాడనూ లేదు. ఖాళీ పాల డబ్బా తిరిగివ్వడానికి ఆమె వెళ్తే తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటికొచ్చేది.

ఆయన మానేశాక చప్పుడు మొదలైంది. చప్పుడు మొదలయ్యాక జనం పలచబడ్డారు. గ్రేంజ్ హాలు పెద్ద వాల్డో క్రాఫ్ట్స్ ఒక శనివారం డెలీనాని పక్కకి పిలిచాడు.

"చూడమ్మా, దెయ్యం సంగతి నాకు తెలీదు. ఖాళీ హాలు సంగతి తెలుసు. ఈ వారం కూడా జనం మధ్యలో లేచిపోతే తాళం వేసేస్తాను. చెరువు మీది పడవలు చలికాలాల్లో ఇందులో పెట్టుకుంటామని పడవల వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

"పడవలా? వాల్డో గారూ, మీ పెళ్ళాన్ని మీరు కలుసుకుంది ఈ నేలమీదే కదా!"

"అందుకే చెప్తున్నాను. పడవలు మాట్లాడవు."

ఆ శనివారం మార్చి నెల చివర. పొలాల దారుల్లో బురద ఎంత లోతంటే, మా పక్కింటాయన టోపీ కనబడి తీద్దామని లాగితే కింద ఆయన ఉన్నాడు, ఆయన కింద ట్రాక్టర్ ఉంది. పైనుంచి తడి మంచు. అయినా జనం వచ్చారు. కొండ అవతలి కాలేజీ నుంచి ఒక వ్యానెడు కొత్తవాళ్ళు కూడా దిగారు, దెయ్యాన్ని చూద్దామని.

హాలు వెచ్చగా ఉంది. ఎప్పుడూ అంతే, వచ్చేసరికి నేలమాళిగలో పెద్ద పొయ్యి భగభగా మండుతూ ఉంటుంది. వాల్డో పుణ్యమని డెలీనా అనుకునేది. డెలీనా పుణ్యమని వాల్డో అనుకునేవాడు.

ఫిడేలు ఓరిన్ లెక్లేర్‌ది. మనిషి మంచివాడే, చెయ్యే ఆగదు. ఒకసారి ఆయన కమాను నుంచి పొగ లేస్తే పియానో వాయించే ఆవిడ నిమ్మరసం పోసి ఆర్పింది, నా కళ్ళారా చూశాను.

"ఓరిన్ బాబాయ్, ఇవాళ మాత్రం నెమ్మదిగా. కొత్తవాళ్ళున్నారు," అని డెలీనా బతిమాలింది.

"నత్తలా వాయిస్తాను తల్లీ."

నత్త కాసేపట్లోనే గుర్రమైంది. వరసలు ఊగాయి, గౌన్లు గొడుగుల్లా విచ్చుకున్నాయి, నేలంతా ఒక్క పెట్టున తొక్కారు...

ధన్...

ధన్.

కొత్తపిల్ల ఒకతి కెవ్వుమంది. ఆ మూలలో వంతు కోసం నిలబడ్డ జంట గోడకి అతుక్కుపోయింది. నలుగురైదుగురు కోట్లు అందుకున్నారు. వాల్డో తలుపు పక్కన నిలబడి తాళంచెవి వేలికి తిప్పుతున్నాడు.

"ఒక్క ఆట," అంది డెలీనా మైకులో. "ఇంకొక్కటి ఆడి వెళ్ళండి. ఒక్కటే."

ఆమె మొహం చూసి జాలిపడ్డారో ఏమో, కోట్లు వేసుకునే మళ్ళీ వరస కట్టారు. డెలీనా ఆట రాసుకున్న అట్టముక్కలు చూసి ఒకసారి అడుగులన్నీ నడిపించి చూపించింది. ఓరిన్ కమాను ఎత్తాడు. పాట మొదలైంది...

అప్పుడు కరెంటు పోయింది.

మంచు బరువుకి ఎక్కడో తీగ తెగింది. దీపాల్లేవు. మైకు లేదు. అట్టముక్కలు చేతిలోంచి జారి చీకట్లో కలిసిపోయాయి. హాలు మొత్తానికి ఒకే ఒక్క వెలుగు... మధ్యలో ఆ ఇనుప జాలీలోంచి, కింది పొయ్యి ఎర్రగా.

ఓరిన్ మాత్రం ఆపలేదు. మొదలుపెట్టిన పాట మధ్యలో ఆపితే ఫిడేలు వాళ్ళ వంశం పరువు పోతుంది. చీకట్లోనే వాయిస్తున్నాడు.

డెలీనా నోరు తెరిచింది. మాట రాలేదు. బస్సు చివరిదాకా వినబడే గొంతు పళ్ళ దాకా కూడా రాలేదు. కింద వరసలు తడుముకుంటున్నాయి. ఎవరో ఎవరి కాలో తొక్కారు. ఎవరో తలుపు కోసం వెతుకుతున్నారు. అయిపోయింది, అనుకుంది. పడవలు...

అప్పుడు నేల కిందనుంచి గొంతు లేచింది.

పెద్ద పీపాలోంచి వచ్చినట్టు... పొగగొట్టంలోంచి వచ్చినట్టు...

"పొరుగువాళ్ళ చేతులందుకోండి... తొక్కండి... గిరగిరా తిరగండి..."

ఒక్కరూ కదల్లేదు.

"తిరగండి... అన్నాను కదా..."

తిరిగారు! నవ్వకు. చచ్చినవాడు స్వయంగా చెప్తుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? పారిపోదామన్నా రెండు చేతులూ ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారు. ఆ గొంతు ఎటంటే అటు, ఎంతంటే అంత. ఎర్రటి వెలుగులో నీడలు గోడల మీద గిరగిరా. ఓరిన్ కూడా బుద్ధిగా, కొలిచినట్టు వాయించాడు, జన్మలో మొదటిసారి. కాలేజీ పిల్లలు పుట్టినప్పట్నుంచీ ఆడినట్టు ఆడారు. భయం ఉంది చూశావూ, దానంత మంచి గురువు లేడు.

డెలీనా స్టేజీ అంచున గుంజ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్ళంతా ముళ్ళు.

"లార్కులు ఎడమచేత్తో... కలిసి ఒక చుట్టు..."

ఒణుకు.

"రాబిన్లు... మధ్యలోంచి దాటండి..."

ఆ ఒణుకు టక్కున ఆగింది.

లార్కులు? రాబిన్లు?

జోథమ్ హాకెట్ పోయి నూరేళ్ళు దాటింది. పిట్టల పేర్లు పెట్టింది పోయిన ఆకురాలు కాలంలో. గోతిలో ఉన్నవాడికి కమిటీ తీర్మానం ఎవరు చదివి వినిపించారు?

డెలీనా దిగింది. వంటగదిలోంచి లాంతరు అందుకుంది. నేలమాళిగ మెట్లు ఒక్కొక్కటే... కిర్రు... కిర్రు...

పొయ్యి పక్కన యాపిల్ పళ్ళ పెట్టె బోర్లించి ఉంది. దానిమీద ఒక మనిషి. ఒడిలో సగం కొరికిన డోనట్. చేతిలో చీపురు, కర్ర పైకి. కాళ్ళకి అద్దంలా తుడిచిన డాన్సు బూట్లు. మొహం పైకెత్తి, జాలీ కేసి నోరు పెట్టి, "ఇప్పుడు మీ జంటతో... తిరగండి..."

"తాతయ్యా!"

"ఉస్స్! ఆట చెప్తున్నాను, కనబడట్లా?"

పాట అయ్యేదాకా ఆమె లాంతరు పట్టుకుని నిలబడింది. పైన చప్పట్లు మొదలయ్యాయి. పైకప్పు నుంచి దుమ్ము రాలి ఆయన డోనట్ మీద పడింది.

"నేలమీద కాలు పెట్టనన్నావుగా?"

"పెట్టానా?" ఎల్డన్ చీపురుతో పైకి చూపించాడు. "అదీ నేల. నేను దాని కింద ఉన్నాను."

"ప్రతి శనివారమూ?"

"మరి పొయ్యిలో కట్టెలు ఎవడు వేస్తున్నాడనుకున్నారు? నీ పిట్టలా? వెనక తలుపు నుంచి వస్తాను, కట్టెలు వేస్తాను, వింటాను, పోతాను. ఆ ఓరిన్‌గాడు పరుగు పెడితే మాత్రం ఒకటి తగిలిస్తాను. స్టేజీ మీదున్నప్పుడు కాలితో తన్నేవాణ్ణి. ఇక్కణ్ణుంచి కర్రతో."

డెలీనాకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి.

"పిట్టల పేర్లు ఎక్కడ నేర్చుకున్నావు?"

ముసలాయన పొయ్యి కేసి తిరిగాడు. "పాలు పితికేటప్పుడు. ఆవులకి చెప్పి చూశాను. వాటికేం అభ్యంతరం లేదు. వాటికి లేని పట్టుదల నాకెందుకు?" ఇంకో కట్టె లోపలికి తోశాడు. "రెండో అడుగు దగ్గర నువ్వు ఊపిరి పట్టేస్తున్నావు, పిల్లా. అందుకే గొంతు పోయింది. పాటతో పాటు వదలాలి."

"పైకి రా తాతయ్యా. కలిసి చెబుదాం."

"ఒట్టు పెట్టాను."

"అయితే కిందనుంచే చెప్పు. ఆఖరాట నీది."

అలాగే కుదిరింది. వాల్డో తాళంచెవి జేబులోంచి మళ్ళీ బయటికి రాలేదు. దెయ్యం చెప్పే ఆట ఆడదామని మూడు కొండల అవతలనుంచి జనం. కెనడా నుంచి మంచు మీద జారుకుంటూ వచ్చినవాళ్ళని కూడా చూశాను. పడవలు ఇప్పటికీ చెరువులోనే తడుస్తున్నాయి.

ఇంతటితో అయిపోయేదే.

కానీ ఆ రాత్రి మెట్లెక్కబోతూ డెలీనా వెనక్కి తిరిగి నవ్వుతూ అడిగింది: "ఒకటి తగిలిస్తే చాలదా తాతయ్యా? రెండెందుకు కొట్టేవాడివి? ఆ మూలదాకా వెళ్ళి మరీ!"

ఎల్డన్ డోనట్ మీది దుమ్ము ఊదుతున్నవాడు ఆగిపోయాడు.

"రెండా? నేనెప్పుడూ ఒక్కటే కొట్టాను. ఈ మోకాళ్ళతో ఆ మూలదాకా ఎవడు పోతాడు?" గొంతు తగ్గించాడు. "రెండోది... పైనుంచి మీవాళ్ళెవరో నాకు జవాబిస్తున్నారనుకున్నానే..."

ఇద్దరూ మూల కేసి చూశారు. పైన ఎవరూ తొక్కడం లేదు. ఫిడేలు పెట్టెలో పెట్టేశారు.

ధన్.

అదీ సంగతి. మళ్ళీ చెప్తున్నాను, ఒక్క అక్షరం కల్పించింది లేదు.

ఏంటి అమ్మాయ్, హాలు ఖాళీ కాగానే నువ్వూ కోటు వేసుకుంటున్నావు? ఆ గిన్నెలు నేను కడుక్కుంటాలే. నువ్వు ఈ చీపురు తీసుకో. ఎల్డన్ ఇందాక పొరపాటున పైకి పంపేశాడు. నేలమాళిగలో, పొయ్యి పక్కన మేకుంటుంది, దానికి తగిలించి రా. ఈ యాపిల్ పై ముక్క కూడా పట్టుకెళ్ళు. ఎల్డన్‌కి కాదు, ఆయన తిని వెళ్ళిపోయాడు. అక్కడే, ఆ మూల కింద పెట్టు. పెట్టి, "నీ వంతు వచ్చింది" అని నెమ్మదిగా ఒక్క మాట చెప్పు. ఇన్నేళ్ళలో ఆ మాట చెప్పినవాళ్ళు లేరు పాపం. లాంతరు వంటగదిలో ఉంది. పద, పద... యాపిల్ పై చల్లారిపోతుంది.