చనిపోయినవాడి హాజరు

మొదటి బుల్లెట్‌కే ఇంజనీరు కారులో కుప్పకూలాడు. రెండోది పక్కన కూర్చున్న అతని భార్యకు తగిలింది. ఆమె ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉంది.

చీఫ్ ఫైలు మూశాడు. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ ఆ ఇంజనీరుకు సొంత తమ్ముడు, మీసం తప్ప అచ్చు అదే మొహం.

"ఈ పని వేరేవాళ్లకి ఇస్తాను."

"వద్దు సార్. చెప్పండి."

"ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి హాస్పిటళ్లలో వెంటిలేటర్లన్నీ మీ అన్నయ్య కంపెనీ తయారుచేసిన ఏఐ మెషిన్ చేతికి వెళ్తాయి. అందులో విదేశీ ముఠా కోడ్ దూర్చింది. ఆన్ కాగానే అన్నీ ఆగిపోతాయి. మీ అన్నయ్య పసిగట్టాడు, చంపేశారు."

"కంపెనీకి చెప్పారా?"

"మెషిన్ పొరపాటు పడదట. వాళ్ల ఓనర్ మొహం మీదే చెప్పాడు."

ఆ ఓనర్‌ని స్టాఫ్ గురువుగారనే పిలుస్తారు. ఆయన కొలువులో మెషిన్‌ని శంకించినవాడు మూర్ఖుడు. అన్నయ్య ఆ మూర్ఖుల్లో మొదటివాడు. ఎంత తెలివైన మెషిన్‌కైనా మనిషి చేతికందే స్విచ్ ఉండాలని పట్టుబట్టి, కంట్రోల్ రూమ్‌లో దాన్ని ఆపే ఒక ఎర్ర లీవర్ పెట్టించాడు.

"లోపల మన మనిషి ఉంది. కంపెనీ పబ్లిసిటీ చూస్తుంది. కోడ్‌వర్డ్, వాన వెలిసింది."

ఏజెంట్ మీసం తీసేసి, అన్నయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ కంపెనీలో డేటా చెరపడం మహాపాపం. "నేను చచ్చినా వాళ్లు నన్ను వదలరురా," అని అన్నయ్య భోజనాల దగ్గర నవ్వేవాడు.

గేటు కెమెరా అతని మొహం చూసింది. పచ్చలైటు వెలిగింది. "తిరిగి వచ్చినందుకు సంతోషం," అంది స్పీకర్. ఏజెంట్ కళ్లజోడు సర్దుకుని లోపలికి నడిచాడు.

లిఫ్ట్ దగ్గర ఒక అందగత్తె, ఖరీదైన సెంటు వాసన.

"వాన వెలిసింది," అన్నాడు.

"గొడుగు అక్కర్లేదు. రండి."

కంట్రోల్ రూమ్ గుమ్మంలో ఆమె గొంతు మారింది. "గార్డ్స్, వీణ్ని పట్టుకోండి. దొంగ."

ఈమె ముఠా జీతం కూడా తీసుకుంటోందన్నమాట.

గార్డు చేతిలోని స్క్రీన్ చూశాడు. "ఈయన మన స్టాఫే మేడమ్."

"ఆ మనిషి చచ్చిపోయాడు."

"మెషిన్ హాజరు వేసింది మేడమ్."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. గార్డులు ఆమె మీద పడ్డారు. పేలిన బుల్లెట్ సీలింగ్‌లో దిగింది. గోడ గడియారంలో ముళ్లు రెండూ కలుస్తుండగా ఏజెంట్ లీవర్ లాగాడు. మెషిన్ మూగబోయింది. హాస్పిటల్లో వెంటిలేటర్లు ఎప్పటిలాగే నడిచాయి.

సాయంత్రం ఐసియు బయట బెంచీ మీద కూర్చున్నాడు. వదినకి స్పృహ వచ్చిందని నర్సు చెప్పినా లోపలికి వెళ్లలేదు. మీసం పెరిగేదాకా ఈ మొహంతో ఆమె ముందు నిలబడే ధైర్యం అతనికి లేదు.

ఫోన్ మోగింది. చీఫ్.

"గురువుగారు కేసు పెడతాడట. లీవర్ లాగిందెవరో చెప్పమంటున్నాడు."

"వాళ్ల మెషిన్‌నే అడగమనండి సార్. పోయినవాడి పేరు చెబుతుంది. అది పొరపాటు పడదు కదా."