బావమరిది ఇన్‌బాక్స్

పట్టపగలు, క్షవరం కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నవాణ్ణి సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. అతను గూఢచారి విభాగంలో మెయిల్ సర్వర్లు చూసే ఇంజనీరు. అదే విభాగంలోని ఒక ఏజెంటుకు స్వయానా బావమరిది.

"ఏడవడానికి తర్వాత సెలవిస్తాను," అన్నాడు చీఫ్ తలెత్తకుండా. "విదేశీ ముఠా విషం ట్యాంకరు ఏదో మంచినీళ్ల రిజర్వాయరు దగ్గర ఉంది. ఎక్కడో తెలీదు. మధ్యాహ్నం వాళ్ల కంప్యూటర్లో షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం దానంతటదే మెయిల్ సర్వర్‌కు కనెక్టయి, విషం ఎక్కడ వదలాలో ట్యాంకరు డ్రైవర్‌కు ఆర్డరు పంపుతుంది. ఆపేస్తే ముఠా బాస్‌కు తెలిసిపోతుంది, డ్రైవర్‌కు ఫోన్ చేస్తాడు. మెయిల్ వెళ్లాలి, డ్రైవర్‌కు అందకూడదు."

"ఆ ముఠా లోపల మన తరఫున మా ఆవిడే ఉంది."

"తమ్ముడి సంగతి ఆమెకు తెలీదు. తెలియనివ్వకు."

ముఠా స్థావరం పైకి ఒక ట్రావెల్స్ ఆఫీసు. మెరిసే పట్టుచీర, ఖరీదైన సెంటు, పెదవుల మీద చెరగని నవ్వు: ముఠా బాస్ సెక్రటరీగా అతని భార్య అక్కడ కూర్చుంది.

"గ్యాస్ నింపాలా, మేడమ్?" అడిగాడు ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంటు.

"ఫిల్టర్ కడిగితే చాలు."

కోడ్ కుదిరింది. ఆమె అతణ్ణి సర్వర్ గదిలోకి తీసుకెళ్లింది. అద్దం అవతల బాస్ తన స్క్రీన్ చూస్తున్నాడు. గ్యాస్ మీటరులో దాచిన పరికరాన్ని ఏజెంటు కంప్యూటర్‌కు తగిలించాడు. పాస్‌వర్డ్ బయటపడింది. స్క్రిప్టు తెరుచుకుంది.

"తమ్ముడెలా ఉన్నాడు?" కీబోర్డు ముందు కూర్చుంటూ అడిగింది.

"బాగానే ఉన్నాడు." గొంతు వణకనందుకు అతనికే అసహ్యం వేసింది.

"అయితే వాడి అడ్రసే పెడతాను. మెయిలొస్తే అన్నం కూడా వదిలేసి చూస్తాడు."

డ్రైవర్ అడ్రసు చెరిపి, తమ్ముడిది ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టింది. సేవ్ చేసిందో లేదో స్క్రిప్టు కదిలింది. ఎవరి నుంచి, ఎవరికి అని సర్వర్ అడిగింది, స్క్రిప్టు చెప్పింది, సర్వర్ ఒప్పుకుంది. అద్దం అవతల బాస్ తృప్తిగా వెనక్కి వాలాడు.

ఏజెంటు పంపిన మెసేజ్‌తో చనిపోయినవాడి ఇన్‌బాక్స్ తెరుచుకుని కూర్చున్న చీఫ్ ఆర్డరు చదివాడు: రిజర్వాయరు పేరు, ఉత్తరం గేటు. కమాండోలు వెళ్లి పట్టుకునేసరికి, ఆర్డరు కోసం చూస్తున్న డ్రైవరు చెయ్యి వాల్వు మీదే ఉంది.

ఆఫీసు వెనక మెట్లు దిగుతూ ఆమె ఫోన్ తీసింది. "వాడికి చెప్తాను."

అతను ఆ ఫోన్ మీద చెయ్యి వేశాడు. జరిగింది చెప్పాడు. ఆమె ఫోన్ స్క్రీన్ ఆర్పేసింది.

"ముందే చెప్పొచ్చుగా."

"నీ చేతులు వణుకుతాయనుకున్నాను."

"వణికినా కొట్టేదాన్ని," అంది. "వాడు చదువుతాడనుకుంటూ మాత్రం కొట్టేదాన్ని కాదు."

సాయంత్రం చీఫ్ పైవాళ్లకు రిపోర్టు పంపాడు. ఆపరేషన్ సక్సెస్. నష్టం స్వల్పం.