దర్జీకి నల్లద్దాలు

నోరు విప్పని మనిషికి లోపల ఏమీ లేదని ఎవరు తేల్చగలరు? మెడికల్ కాలేజీ మెట్లెక్కుతూ రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ తనను తానే అడిగిన ప్రశ్న ఇది. భార్య పోయాక ఆయన ఇంట్లో గొంతున్నది ప్రెషర్ కుక్కరుకు ఒక్కదానికే.

కాలేజీవాళ్ళు పిలిచి అప్పగించిన కేసు చిన్నది. ప్రొఫెసర్ అల్మారాలోని ప్రశ్నపత్రం కవరును పరీక్షకు ముందు ఎవరో విప్పి, మళ్ళీ అతికించారు. మార్కులు వేశాక గానీ ఆమె గమనించలేదు.

ఆ కాలేజీలో పాఠాలు చెప్పరు. విద్యార్థులు బల్ల చుట్టూ చేరి, ఒక రోగి సమస్యను చర్చించి తామే నేర్చుకుంటారు. ప్రొఫెసర్ వింటూ మార్కులు వేస్తారు.

అల్మారా తాళంచెవి ఇద్దరి చేతుల్లోకే వెళ్ళింది. ఒకడు గ్రూపు లీడరు, మాటల పుట్ట. అందరూ 'మైకు' అంటారు. రెండో మనిషి 'మౌనవ్రతం' అని పేరుపడ్డ అమ్మాయి. ఏడాది పొడవునా చర్చలో ఆమెకు పడింది సున్నా. పరీక్షలో మాత్రం అందరికంటే ఎక్కువ. ప్రొఫెసర్ అనుమానం ఆమె మీదే. నేరం రుజువైతే సీటు పోతుంది.

మైకు తడుముకోకుండా జవాబులు చెప్పాడు. అమ్మాయి మీద జాలి కూడా పడ్డాడు.

తర్వాత ఆమె వచ్చింది.

"కవరు తీశావా?"

"లేదు సార్."

"మరి ఇన్ని మార్కులు?"

"చదివాను సార్."

"ఎవరితో కలిసి?"

ఆమె కిటికీ వైపు చూసింది. "నాతో ఎవరు చదువుతారు సార్?"

ఆయనకు తన వంటిల్లు గుర్తొచ్చింది. కానీ జాలి సాక్ష్యం కాదు. ఇద్దరి జవాబుపత్రాలూ తెప్పించి చదివాడు. కవరు మూశాక ప్రశ్నలో ఏమైనా మార్చారా అని ప్రొఫెసర్‌ను అడిగాడు. ఒక్క మాట మార్చానన్నారు ఆమె. ప్రశ్నలో దగ్గుతో వచ్చిన క్షయ రోగి మొదట వెల్డరు. వెల్డరంటే విద్యార్థులు దగ్గుకు పొగే కారణమనుకుంటారని పరీక్షరోజు ఉదయం అతణ్ణి దర్జీని చేసి, కొత్త కాగితం ఇచ్చారు. కవరులో మాత్రం వెల్డరే ఉండిపోయాడు.

అందరినీ చర్చాగదికి పిలిపించాడు. మైకు జవాబులోంచి ఒక వాక్యం చదివాడు: "రోగి పనిచేసేటప్పుడు నల్లద్దాలు ధరించాలి."

"అదనపు జాగ్రత్త అనుకుని మార్కు వేశానండీ," అన్నారు ప్రొఫెసర్.

ఇన్‌స్పెక్టర్ మైకు వైపు తిరిగాడు. "దర్జీ నల్లద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం నువ్వెక్కిస్తావా, అబ్బాయ్?"

జవాబు ముందే దొరికినవాడు ప్రశ్నను సరిగా చదవడు. కవరు విప్పింది తానేనని మైకు రెండే మాటల్లో ఒప్పుకున్నాడు.

అమ్మాయికి సీటు దక్కింది. కానీ చర్చలో సున్నా అలాగే ఉంది. దాంతో ఆమె ఏడాది పోతుంది.

"మాట్లాడని పిల్లకు మార్కులెలా వెయ్యనండీ?" ప్రొఫెసర్ గొంతులో నిజమైన బాధ.

చర్చలో ఎందుకు మాట్లాడవని ఇన్‌స్పెక్టర్ అమ్మాయిని అడిగాడు.

"మొదటిరోజు బోర్డు మీద రాయమని మార్కరు నా చేతికిచ్చారు సార్. మళ్ళీ ఎవరూ తీసుకోలేదు. వాళ్ళు చెప్పింది రాసేలోగా చర్చ ముందుకెళ్ళిపోతుంది."

అందరూ బోర్డు వైపు తిరిగారు. నిన్నటి చర్చ ఇంకా దానిమీదే ఉంది. తలోమాటగా అన్నవన్నీ అక్కడ వరుసలో పడ్డాయి. లక్షణం నుంచి కారణానికి బాణాలు.

"ఈ బాణాలు ఎవరు గీయమన్నారు?" ప్రొఫెసర్ మెల్లగా అడిగారు.

"ఎవరూ అనలేదు మేడమ్."

ప్రొఫెసర్ ఒక్కో బాణం వెంట వేలు పోనిచ్చారు. ఆ సున్నా కొట్టేస్తానని, చర్చలో మళ్ళీ పరీక్షిస్తానని, అదీ ఇప్పుడేనని చెప్పి కుర్చీ లాక్కున్నారు.

కేసు ముగిసింది. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆయన ఉండిపోదామనుకున్నాడు. అలవాటుగా మార్కరు అందుకున్న అమ్మాయి చేతిలోంచి దాన్ని తీసుకుని, మూత విప్పి బోర్డు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు చెప్పమ్మా. నేను రాస్తాను."