రంగుల షెడ్డుల ఎనిమిదో చీర

ఏం జూసిండ్రో చెప్పుండ్రి. నసగొద్దు. మన నారాయణపేట నేతగల్లీ చివర రంగుల షెడ్డుకు మీరు గూడ పోయిండ్రు గద! మగ్గం చూసిండ్రు, దండేసిన ఫోటో చూసిండ్రు. మరి అడిగితె నోరెందుకు మూస్తరు?

ఆ షెడ్డుకు ముందునుంచీ చెడ్డపేరే. అద్దకం బందయి ఇరవై ఏండ్లయినా, వానాకాలం వస్తే దాని మోరీల ఎర్రనీళ్లు పారుతయి. పాత రంగు గోడలకు పట్టుకొని ఉన్నదని ఎంత చెప్పినా... దీపాలు పెట్టినంక అటు ఎవలూ పోరు.

అసొంటి జాగాల వెంకటనర్సు సారు మ్యూజియం పెట్టిండు. బడిపంతులుగ రిటైరయినంక గల్లీ చరిత్ర సంఘం అని ఒకటి పెట్టి, ఆరేండ్లు ఇల్లిల్లూ తిరిగి రాట్నాలు, నాడెలు, పాత ఫోటోలు జమ చేసిండు. నట్టనడుమ భద్రమ్మ గుంటమగ్గం. మన దగ్గర మగ్గానికి ఎక్కిచ్చిన ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు దిగుతయి. దాని మీద ఏడు దిగినయి, ఎనిమిదోది సగంల ఉన్నది. గోడకు ఆమె ఫోటో, ఫోటోకు చామంతి దండ. కింద కార్డు — "కీ.శే. భద్రమ్మ, ఈ గల్లీ ఆఖరి నేతగత్తె."

మ్యూజియం తెరిచిన నాలుగో రోజు పొద్దుగాల సారు తాళం తీసి చూస్తే... చీర జానెడు పెరిగింది.

తెల్లారి మల్ల కొలిచిండు. ఇంకో జానెడు!

రాత్రిళ్లు టక్... టక్... అని చప్పుడైతున్నదని పక్కింటి ఆండాళు చెప్పింది. అంతే, జనం రావుడు బందయింది. గల్లీ పెద్దమనిషి ఐలేశం వచ్చి తేల్చేసిండు.

"సారూ, శుక్రారం దాంక చూస్తం. గా చప్పుడు ఆగకుంటె తాళమేస్తం. మల్ల మమ్మల్ని అనొద్దు."

ఆరేండ్ల కష్టం! గురువారం రాత్రి సారు అన్నం గూడ తినకుండ, టార్చి పట్టుకొని రంగుతొట్టి వెనక కూసున్నడు. దెయ్యాలు లేవని ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి... లోపల్లోపల హనుమంతుణ్ని తలుసుకుంటున్నడు.

పది దాటింది. వెనక తలుపు గడియ కదిలింది... ఎవరో మగ్గం గుంటలకు దిగిండ్రు.

టక్... టక్... టక్...

టార్చి వేసే ధైర్యం లేదు. తొట్టి అంచుకు తగిలి, దానంతట అదే వెలిగింది.

ఫోటోల ఉన్న ముఖమే! అదే బొట్టు — అదే ముక్కుపుల్ల —

"కండ్లల్ల కొట్టకు సారూ," అన్నది మెల్లగ. "మొన్ననే ఆపరేషనైంది."

సారు తొట్టి పట్టుకొని లేచిండు. "భద్రమ్మా... నువ్వు... పోయినవ్ గద?"

"కోస్గికి పోయిన. బిడ్డ కాడ మూడేండ్లున్న. వచ్చి చూస్తే నా కొడుకు మగ్గం నీకిచ్చి పుణెకు పోయిండు, నువ్వేమో దండేసినవ్. నేను సచ్చిన్నని నీకెవలు జెప్పిండ్రు?"

ఎవలూ చెప్పలేదు. పని తొందరగ అయితదని సారు నలభై కార్డుల మీద "కీ.శే." ముందే అచ్చు వేయించిండు. పాత వస్తువులు గద, వాటి మనుషులు ఇంక యాడుంటరని! పేర్లు మాత్రం చేత్తోని నింపిండు.

"పగటిపూట వచ్చి అడగొద్దా?"

"వచ్చిన. గేటు కాడ నీ సంఘపోళ్లు నన్ను చూసి చెప్పులిడిసి ఉరికిండ్రు. పడుగు మీద సగం చీర ఇడిసి సచ్చేదాన్ని కాదు నేను. నా మగ్గం నాకియ్యి, ఇంటికాడ నేసుకుంట."

శుక్రవారం ఐలేశం తాళంకప్ప పట్టుకొని వచ్చిండు. వెనక గల్లీ అంత. సారు ఏదీ దాచలేదు.

"దెయ్యం లేదు, ఏం లేదు. తప్పు నాది. బతికున్న మనిషిని నా చేత్తోని చంపిన." భద్రమ్మ వచ్చి పక్కన నిలబడ్డది. ముందున్నోళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగిండ్రు.

"ముప్పై ఏండ్లు మా పోరగాండ్ల తప్పులు దిద్దినోనివి, నువ్వు తప్పు రాస్తవా సారూ?" అన్నడు ఐలేశం. "ఆ దెయ్యమే నీతోని గిట్ల పలికిస్తాంది."

"ఓ ఐలేశం! నీ పెండ్లాం పెండ్లిల కట్టిన చీర నేసింది నేనేరా!"

"సూసిండ్రా? దెయ్యాలకు పాతయన్నీ యాదుంటయి!"

సారు సంఘం రిజిస్టరు తెరిచిండు. 'భద్రమ్మ బతికే ఉన్నది, మగ్గం ఆమెకు ఇచ్చేస్తున్నం' అని రాసి సంతకం పెట్టిండు. మ్యూజియం వస్తువు బయటికి పోవాలంటె గల్లీల ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలె. లేకుంటె మగ్గం కదలదు, షెడ్డుకు తాళం పడుతది. ఆ నియమం పెట్టింది గూడ సారే.

పెన్ను చేతులు మారింది. ఆండాళు కొంగుతోని పట్టుకొని పక్కోళ్లకిచ్చింది. ఎవలూ మూత తీయలేదు. భద్రమ్మ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఎండల నిలబడ్డది. ఆమె నీడ ఐలేశం కాళ్ల మీద పడ్డది... ఆయన కాళ్లు వెనక్కి గుంజుకున్నడు.

ఆ పెన్ను మీ చేతికి గూడ వచ్చింది. మీరెందుకు సంతకం పెట్టలేదు?