రాతిపేట పెద్దను చంపిందెవరు?

పటాన్‌చెరులో డిటెక్టివ్ కనకమహాలక్ష్మి ఆఫీసుకు వచ్చిన శ్రీదివ్య, దుపట్టా అంచు నలుపుతూ గుమ్మంలోనే నిలబడిపోయింది. తన మీద హత్యానేరం మోపుతున్నారని చెప్పింది. అయితే చనిపోయింది మనిషి కాదు, ఆటలో ఒక పాత్ర.

ఆమె నడిపే ఆన్‌లైన్ ఆట పేరు రాతిపేట. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. 'తూర్పుకు నడువు' అని రాస్తే ఎదుట ఏముందో రాతలోనే జవాబొస్తుంది. ఎందరైనా కలిసి ఆడొచ్చు. చచ్చిన పాత్ర మళ్ళీ లేవదు. ఫ్యాక్టరీలో పైనుంచి పడి నడుం విరిగిన ఓదెలు ఆ పేటకు పెద్ద. మంచం దిగలేని మనిషి అక్కడ నడిచేవాడు, తగవులు తీర్చేవాడు. ఆటలోని తన ఇంట్లో తలుపు మూసుకుని నిద్రలో ఉన్న అతని పాత్రను ఎవరో పొడిచి చంపారు. అప్పటినుంచి ఓదెలు తిండీ మాటా మానేసి సంగారెడ్డి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఆట నడిపేదానివి నువ్వే కాబట్టి చంపిందీ నువ్వేనంటూ, చిట్కుల్‌లో ఉండే అతని తమ్ముడు నర్సింగ్ శ్రీదివ్య ఇంటిమీదికి వచ్చాడు.

"ముందు ఆ ఆట సంగతేమిటో చూద్దాం బాలరాజ్," అంది కనకమహాలక్ష్మి.

అసిస్టెంట్ బాలరాజ్‌కు లోలోపల నవ్వొచ్చింది. కానీ మేడమ్ చూపు ఎంత దూరం పోతుందో అతనికి తెలుసు. ఇద్దరూ చెరో పేరుతో పేటలో దిగారు. తలుపులు విరగ్గొట్టారు, ఒకరినొకరు చంపుకున్నారు. తలుపు విరిగితే పేటలో అందరికీ ఆ కబురు ఒక వాక్యంగా వస్తుంది. ఓదెలు పాత్ర చచ్చిన రోజు అలాంటిదేదీ రాలేదు. ఆట నడిపేవాళ్ళు పాత్రను తుడిచేస్తే శవం మిగలదు. ఓదెలు పాత్ర శవం మిగిలింది. ఇక ఒక్కటే దారి, ఆ ఇంటి యజమాని తలుపుకు పెట్టుకున్న రహస్య మాట. అది రాస్తే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది.

తర్వాత కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో ఓదెలు భార్య ప్రేమలతను కలిశారు. ఇంట్లో ఉండేది తామిద్దరమేనని, భర్తకు వేళ్ళు వణుకుతాయి గనుక నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందని ఆమె చెప్పింది.

"దినాం 'లతా' అని పిలుస్తడు మేడం. పొయ్యి కాడికెల్లి ఉరికొస్తే, నిన్ను గాదు పో అంటడు."

మర్నాడు కనకమహాలక్ష్మి అందరినీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టింది. శ్రీదివ్యే తుడిచేసి ఉంటే శవం ఉండేది కాదని నర్సింగ్‌తో చెప్పింది. మాట తెలియనివాళ్ళయితే తలుపు విరిగేది. ఓదెలు ఆ మాటను ఎవరికీ చెప్పలేదు, కానీ రోజూ పైకి పలికాడు. అది వినగలిగేది ఈ ఇంట్లో మనిషే.

"ఆ మాట 'లతా'. అవునా అమ్మా?"

ప్రేమలత తల దించుకోలేదు. కొత్త పేరుతో ఆటలో చేరి, ఆ మాటతో తలుపు తీసి పొడిచానని ఒప్పుకుంది.

"ఆడ అందరితోని ఎంత మంచిగ మాట్లాడుతుండె. నాతోని ఒక్క ముచ్చట లేదు. ఆ పెద్దమనిషి సస్తే నా మొగడు నాకొస్తడనుకున్న."

నర్సింగ్ లేచి బయటికి పోయాడు. ఎప్పటిలా మేడమ్ తెలివిని మెచ్చుకోవాలని బాలరాజ్‌కు ఈసారి అనిపించలేదు. నియమం తప్పైనా సరే ఆ పాత్రను బతికిస్తానంది శ్రీదివ్య. ఆ సంగతితో పాటు చేసింది కూడా నువ్వే చెప్పమని, కనకమహాలక్ష్మి ప్రేమలతను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మంచం పక్కన నిలబడి ప్రేమలత అంతా చెప్పింది. ఓదెలు పైకప్పునే చూస్తూ విన్నాడు. తిట్టలేదు, ఎందుకని అడగలేదు. పేట పెద్ద మళ్ళీ బతికాడని విన్నాక మాత్రం తల తిప్పాడు.

"ఫోనేది?" అన్నాడు.

ప్రేమలత సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది.