రెండుసార్లు వచ్చిన గంట

నోరీన్ ఆ సోమవారం ఉదయం ఓట్స్ జావ మాడబెట్టేసింది. వంటింటి బల్ల మీద కోర్టు ఉత్తర్వు ఉంది. పక్కనే తను ఒక పేరు రాసుకున్న చీటీ. అది తన తమ్ముడు డెక్లన్ పేరు. మధ్యాహ్నంలోగా లాయర్లకు పంపాలి.

ఒంటారియోలోని ఆ సరస్సు ఊరికి ఇంటర్నెట్ ఇచ్చేది వీళ్ల కుటుంబమే. ఎవరైనా దొంగచాటుగా సినిమా దించుకుంటే, సినిమా కంపెనీ లాయర్లు ఆ పని జరిగిన ఇంటర్నెట్ కనెక్షన్ నంబరూ సమయమూ కోర్టు ద్వారా పంపుతారు. ఆ సమయానికి ఆ నంబరు ఏ ఇంటికి ఇచ్చి ఉందో వెతికి పేరు చెప్పాలి. నంబర్లు ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. అందుకే తండ్రి లోర్న్ ఒక్కో పేరుకు ఐదు గంటలు పట్టించేవాడు. ఖర్చు భరించేది లాయర్లు కనుక, రెండు గంటలకు మించి ఒక్క డాలరు కూడా ఇవ్వబోమని వాళ్లు భీష్మించారు. నాన్నకు చాదస్తం ముదిరిందని తీర్మానించి, నోరీన్ ఆ పని లాక్కుంది. ఈసారి వచ్చినవి ఏడు. ఆరు పేర్లు శుక్రవారమే పంపేసింది.

తమ్ముడు బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. నాలుగేళ్లు ఎదురుచూశాక, అతనికి బిడ్డను దత్తత ఇచ్చే ముందు ఇల్లు చూసేందుకు గురువారం అధికారిణి వస్తోంది. ఈలోపు కోర్టు కాగితం ఆ గుమ్మం తొక్కితే అంతే సంగతులు.

"ఆ సినిమా నువ్వే దించావట్రా? నిజం చెప్పు."

డెక్లన్ చీటీ చదివాడు.

"నేను కాదక్కా."

"యంత్రం అబద్ధం చెబుతుందా?"

"మరి నేను చెబుతానా? ముప్పై నాలుగేళ్లు తెలిసిన తమ్ముడి కంటే నీకు ఈ కాగితమే ఎక్కువైందన్నమాట." అతను గుమ్మం వైపు తిరిగాడు.

అప్పటిదాకా మూల కూర్చుని టీ తాగుతున్న లోర్న్ కప్పు దించి, అది ఏ రోజని అడిగాడు. నవంబరు మొదటి ఆదివారం, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటా నలభై అంది నోరీన్ విసుగ్గా.

"చలికాలం కోసం గడియారాలు గంట వెనక్కి తిప్పిన రోజు కదమ్మా. రెండు కాగానే మళ్లీ ఒంటిగంట చేశారు. ఆ రోజు ఒంటిగంటా నలభై రెండుసార్లు వచ్చింది. నువ్వు ఏది చూశావు?"

నోరీన్ ల్యాప్‌టాప్‌లో నంబర్ల జాబితా తెరిచింది. లాయర్లు రాసింది లండన్ సమయం. దాన్ని ఇక్కడి సమయంలోకి మార్చి, జాబితాలో ముందు కనబడ్డ ఒంటిగంటా నలభైని పట్టుకుంది. ఇప్పుడు దాన్ని కిందికి జరిపింది. గంట తర్వాత మళ్లీ అదే సమయం, అదే నంబరు. లండన్ లెక్క ప్రకారం లాయర్లు అడిగింది ఆ రెండోదాన్నే. అప్పటికి ఆ నంబరు డెక్లన్ ఇల్లు వదిలి వేరే వీధికి వెళ్లిపోయింది.

"తప్పు నాదేరా," అంటూ తమ్ముడి చేయి పట్టుకుని ఏడ్చేసింది. అతను చేయి విడిపించుకోలేదు. తప్పు దొరికింది కదా, ఇంకా ఏడుపెందుకన్నాడు.

కానీ ఆమె చూపు శుక్రవారం పంపిన కాగితాల మీద ఆగిపోయింది. ఆరింటిలో నాలుగు ఆ ఆదివారం ఆ గంటలోవే. వాటినీ అలాగే, ముందు కనబడ్డ వరుసలోంచే తీసింది. డెక్లన్ పేరు రాకపోయి ఉంటే, ఏడోదీ అలాగే వెళ్లిపోయేది.

"నాన్నా, ఆ నలుగురికీ అక్కాచెల్లెళ్లు ఉంటారు కదా," అంది.

లోర్న్ టీ కప్పు జరిపి బల్ల మీద చోటు చేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, తను పంపిన పేర్లలో తప్పులున్నాయని చెప్పడానికి లాయర్లకు ఫోన్ కలిపింది. డెక్లన్ కోటు విప్పి కుర్చీ లాక్కుని, మొదటి ఇంటి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.